ఆల్కో ఇంజను మీద నాలుగు నిందలు



డీజిల్ రైలింజనుకు ఈ దేశంలో నూకలు చెల్లాయని పత్రికలలో చదివి సంతోషించేవారే గాని, ఒక్క క్షణం ఆగి ఆలోచించేవారు కనబడటం లేదు. “పీడ వదిలింది, పొగ పోయింది” అని ఒక్క వాక్యంలో తీర్పు చెప్పి చేతులు దులుపుకుంటున్నారు. ఆవిరి ఇంజను పోయినప్పుడు కన్నీరు పెట్టుకున్న సాహిత్యాభిమానులు సైతం ఈ ఇంజను విషయంలో పెదవి విప్పటం లేదు. ముద్దాయికి నోరు లేదు కాబట్టి దాని పక్షాన వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను.

అన్ని డీజిల్ ఇంజన్ల పక్షాన కాదు. నా తరంవాళ్ళను చదువులకు, కొలువులకు, పెళ్ళిళ్ళకు, పుష్కరాలకు మోసుకుపోయిన ఒక్క జాతి ఇంజను పక్షాన మాత్రమే. రైల్వేవారి దస్త్రాలలో దాని పేరు డబ్ల్యు.డి.ఎం.2. షెడ్డులో పనిచేసేవారి నోట దాని పేరు ఆల్కో.

నా ప్రతిపాదన ఏమిటో ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచి ఊరించటం నాకు చేతకాదు. కరెంటు తీగలకు నేను విరోధిని కాను. తీగలు పీకేయమని గాని, పాత ఇంజన్లకే మళ్ళీ బండ్లు కట్టమని గాని అనటం లేదు. ఆల్కో వంశంలో చివరి ఇంజను తుక్కు వేలానికి పోయేలోపల తెలుగునేల మీద కనీసం ఒక్కదానినైనా నడిచే స్థితిలో నిలుపుకోవాలి. దానిని నడిపినవారి, బాగుచేసినవారి విద్యను తెలుగులో రాసిపెట్టుకోవాలి. ఇంతే నా కోరిక. ఇంత చిన్న కోరికకు అడ్డం వస్తున్న నిందలు నాలుగు. మన శాస్త్రకారుల పద్ధతిలో ముందు పూర్వపక్షం చెప్పి, దానిని ఖండించి, పిమ్మట సిద్ధాంతం చెబుతాను.

నిందల జోలికి పోయేముందు పేరు సంగతి చూద్దాం. తెలుగు పండితుడిని గనుక పేరు విప్పిచూడనిదే నాకు తోచదు. డబ్ల్యు అంటే వెడల్పు పట్టాలది, అనగా బ్రాడ్ గేజిది. మీటరు గేజి ఇంజనుకు ఆ స్థానంలో వై అన్న అక్షరం ఉంటుంది. డి అంటే డీజిలు. ఎం అంటే మిశ్రమ సేవ, అనగా ప్రయాణికుల బండికీ గూడ్సు బండికీ రెంటికీ కట్టదగినది. 2 అంటే ఆ కోవలో రెండవ రకం. ఇంత సార్థకనామధేయం మనుషులలోనే అరుదు.

ఇక డీజిల్-ఎలక్ట్రిక్ అన్న సమాసం. దీనిని జనం ద్వంద్వంగా చదువుతున్నారు. అదీ రామలక్ష్మణుల వంటి ద్వంద్వం కాదు, పాము-ముంగిసల వంటి ద్వంద్వం. డీజిలు ఒక పక్షం, కరెంటు ఎదుటి పక్షం, ఒకటి గెలిస్తే ఒకటి చావాలి. ఈ అన్వయం తప్పు. విగ్రహవాక్యం చెప్పితే, “డీజిలుచేత పుట్టిన విద్యుత్తు దేనికి కలదో అది.” బహువ్రీహి. నడుమ ఉన్న “పుట్టిన” అన్న పదం లోపించింది, అంతే. ఇంజను లోపల 16 సిలిండర్ల యంత్రం డీజిలును మండించి 2,600 అశ్వశక్తిని పుట్టిస్తుంది. ఆ శక్తి నేరుగా చక్రాలకు పోదు. పక్కనున్న జనరేటరును తిప్పుతుంది. అక్కడ పుట్టిన కరెంటు కింద 6 ఇరుసులకు ఒక్కొక్కటిగా అమర్చిన 6 మోటార్లకు పోతుంది. చక్రాన్ని తిప్పేది ఆ మోటారే. కాబట్టి ఆల్కో కూడ కరెంటు ఇంజనే. కరెంటు ఇంజనుకు కరెంటు నెత్తిమీది తీగలోంచి వస్తుంది, దీనికి కడుపులోంచి వస్తుంది. ఒకరిది నల్లా నీరు, మరొకరిది పెరటి బావి నీరు. ఈ ఉపమానాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, తరువాత దీనితో పని ఉంది.

మొదటి నింద: పొగ.

ఆల్కో పొగ వదులుతుంది. నిజం. బండి కదిలేటప్పుడు నల్లటి మబ్బు లేస్తుంది. ఎందుకు లేస్తుందో ఈ నింద మోపేవారిలో ఎందరు అడిగారు? డ్రైవరు నాచ్ పెంచగానే యంత్రంలోకి ఇంధనం వెంటనే ఎక్కువగా వచ్చి పడుతుంది. దానికి తగిన గాలిని లోపలికి నెట్టవలసిన టర్బో పంకా మాత్రం పొగగొట్టపు వేడిగాలి తోపుతోనే తిరగాలి కనుక వేగం అందుకోవటానికి కొన్ని క్షణాలు పడుతుంది. పొయ్యిలో పిడకలు ముందు పేర్చి, ఊదుగొట్టం తరువాత అందుకున్నట్లు. ఆ కొన్ని క్షణాల నలుపునే మనం జీవితకాలపు నలుపుగా చూస్తున్నాం. పంకా అందుకున్నాక పొగ పలచబడుతుంది.

సరే, పలచబడినా పొగ పొగే. కాని ధర్మపన్నాలు చెప్పేవారు త్రాసు రెండు పళ్ళేలూ చూడాలి. ఈ దేశంలో పుట్టే కరెంటులో నాలుగింట మూడు వంతుల వరకు ఇప్పటికీ బొగ్గునుంచే పుడుతోంది. సింగరేణి బొగ్గు రామగుండంలో మండితే ఆ పొగ వికారాబాదు స్టేషనులో కనబడదు, నిజమే. కనబడనంత మాత్రాన లేకుండా పోతుందా? పెద్ద కేంద్రంలో ఒక్కచోట మండించటం మేలని, ఎండనుంచీ గాలినుంచీ వచ్చే కరెంటు ఏటేటా పెరుగుతున్నదని, పల్లంలో బ్రేకు వేసినప్పుడు కొత్త కరెంటు ఇంజను ఆ శక్తిని తీగలోకి తిరిగి పంపగలదని నేనెరుగుదును. ఆల్కో అదే శక్తిని నిరోధకాలలో వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. మనం వాడే ముడిచమురులో అత్యధిక భాగం దిగుమతి అన్నదీ ఎరుగుదును. అందుకే తీగలకు విరోధిని కానన్నాను. నా అభ్యంతరం తీగల మీద కాదు, తీగల పేరు చెప్పి ఆల్కోను పాపాలభైరవుడిని చేయటం మీద.

జహీరాబాదు పక్కనుంచే 65వ నంబరు జాతీయరహదారి పోతుంది. రేయింబవళ్ళు లారీలు. వాటిలో పోసేది గంగాజలం కాదు, డీజిలే. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి ఒరిపిడి బహు తక్కువ. కనుక ఒక లీటరు డీజిలుతో ఒక టన్ను సరుకును రైలు ఎంత దూరం తీసుకుపోగలదో, లారీ అందులో కొద్దిభాగమే పోగలదు. రోడ్డు మీది లారీ వరుసను అభివృద్ధి అని, పట్టాల మీది ఆల్కోను కాలుష్యమని అనేవారి తర్కం నాకు అంతుపట్టదు. ఇంకొక చిత్రం చూడండి. ఆవిరి ఇంజను వదిలిన పొగ దీనికి ఎన్నో రెట్లు. దాని రవ్వలు కళ్ళలో పడి, బట్టలు నల్లబడి, ప్రయాణం ముగిసేసరికి ముఖం కడుక్కోవలసి వచ్చేది. ఆ పొగ కవిత్వమైంది. ఈ పొగ పాపమైంది. నెయ్యి పోసిన యజ్ఞధూమానికి, పేదవాడి పొయ్యిపొగకు ఉన్న తేడా వంటిదన్నమాట!

రెండవ నింద: పరదేశి యంత్రం.

మొదటి ఆల్కోలు 1962లో అమెరికానుంచి ఓడల మీద వచ్చాయి. నమూనా అమెరికన్ లోకోమోటివ్ కంపెనీది. న్యూయార్కు రాష్ట్రంలోని షెనెక్టడీలో ఉండేది ఆ సంస్థ. దాని పొడి అక్షరాలే ఆల్కో. వారితో ఒప్పందం చేసుకుని వారణాసిలో డీజిల్ ఇంజన్ల కర్మాగారం స్థాపించారు. అక్కడ కూర్చిన మొదటి ఇంజనును 1964 జనవరిలో లాల్‌బహదూర్ శాస్త్రి గారు జాతికి అంకితం చేశారు. దానికి పెట్టిన పేరు “కుందన్”, అనగా పుటం పెట్టిన బంగారం, మన కుందనమే.

ఆ తరువాతి కథ వినండి. ఆ అమెరికన్ కంపెనీ 1969లో ఇంజన్ల తయారీ మానుకుంది. పుట్టినింట దీపం ఆరిపోయింది. మెట్టినింట మాత్రం వారణాసివారు 1998 దాకా ఈ జాతి ఇంజన్లను చేస్తూనే ఉన్నారు. మొత్తం 2,500కు మించి. నమూనాను యథాతథంగా అచ్చు పోయలేదు. 1994లో అదే యంత్రాన్ని 3,100 అశ్వశక్తికి పెంచారు. ఆ తరువాత 3,300కు పెంచారు. గూడ్సు బండ్లకు వేరే శాఖ, ప్రయాణికుల బండ్లకు వేరే శాఖ. మీటరు గేజి పట్టాల మీద వై.డి.ఎం.4 అన్న చిన్న చెల్లెలు. 1996లో శ్రీలంక ఈ ఇంజన్లను మననుంచి కొనుక్కుంది. 2020 జులైలో ఈ వంశపు 10 ఇంజన్లను, 2023 మే నెలలో మరి 20 ఇంజన్లను మన దేశం బంగ్లాదేశ్‌కు అందజేసింది. అమెరికావాడు విడిచిపెట్టిన విత్తనాన్ని మూడు దశాబ్దాలకు పైగా సాగుచేసి, పంటను ఇరుగుపొరుగుకు పంచిన తరువాత కూడ ఇది పరదేశిదేనా?

మిరపకాయ అమెరికా ఖండంనుంచి వచ్చింది. గుంటూరు మిరపకాయను పరదేశి అని విస్తట్లోంచి తీసి పారవేస్తున్నామా? కుర్చీ, జమీను, దస్తావేజు ఏ దేశపు మాటలు? వ్యాకరణంలో అన్యదేశ్యమని ఒక గది కట్టి కూర్చోబెట్టాము గాని వాడుకలో అవి ఎప్పుడో ఇంటివైపోయాయి. ఆల్కో సైతం అన్యదేశ్యంగా వచ్చి దేశ్యమైపోయినదే. మా ప్రాంతంవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. జహీరాబాదులో మొదట జపాను నిస్సాన్‌తో కలిసి ఆల్విన్ వారు లారీలు చేశారు. తరువాత ఆ కర్మాగారం మహీంద్రావారి చేతికి వచ్చింది. ఈనాడు జహీరాబాదు అంటే ట్రాక్టర్లు గుర్తుకు వస్తాయి. ఆ ట్రాక్టరుతో చెరకు తోలే మా రైతును పిలిచి “నీ బండి జపానుదా?” అని అడిగి చూడండి, ఏమంటాడో!

మూడవ నింద: పాతబడింది, ఇంక పనికిరాదు.

ఇది అన్నిటికంటె బలమైన నింద, కనుక కాస్త నిదానంగా చూడాలి.

2018 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం మిగిలిన బ్రాడ్ గేజి మార్గాలన్నిటికీ తీగలు వేయాలని నిర్ణయించింది. పని ఊహించినదానికంటె వేగంగా సాగింది. 2020లో వారణాసి కర్మాగారం పేరులోంచి డీజిలు అన్న మాటే పోయి బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది. మా రాయికోడుకు రైలు లేదు. జహీరాబాదుకు పోయి ఎక్కాలి. వికారాబాదునుంచి సదాశివపేట రోడ్డు, మర్పల్లి, కోహీరు, జహీరాబాదు, బీదరు మీదుగా పర్లి వైద్యనాథం దాకా పోయే ఆ నిజాం కాలపు మార్గంలో దశాబ్దాలపాటు బండ్లను లాగినవి డీజిల్ ఇంజన్లే. ఈమధ్య సంవత్సరాలలో ఆ మార్గం మీద కూడ తీగలు పడ్డాయి. బీదరునుంచి కలబురిగికి 2017 అక్టోబరులో కొత్త మార్గం తెరిచినప్పుడు సైతం అందులో మొదట నడిచింది డీజిలే. తీగ లేని చోటికి ముందుగా పోయి దారి చూపేది ఎప్పుడూ అదే.

తీగలు వచ్చాయి, మంచిది. ఒంటిపట్టాల మీద ఎదురుబండి కోసం పడిగాపులు పడటం తప్పిందా? ఆ ఆలస్యానికి కారణం డీజిలు అని ఇన్నాళ్ళూ చెప్పినవారు ఇప్పుడేమి చెబుతారు? రెండో పట్టా లేకపోవటం డీజిలు చేసిన నేరం కాదు.

ఇక పనికిరాదన్న మాట. ఇక్కడ నల్లాను, బావిని గుర్తుకు తెచ్చుకోండి. ఊరికి నల్లా వచ్చిందని పెరటి బావిని పూడ్చుకున్న ఇళ్ళు మనకు తెలుసు. నల్లా రాని వేసవి రోజున ఆ ఇళ్ళవారు బిందెలు పట్టుకుని ఎవరి గుమ్మం ముందు నిలబడ్డారో కూడ తెలుసు. 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరాది విద్యుత్ వలయం కుప్పకూలినప్పుడు వందల రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి. తీగలు తిరిగి లేచేదాకా బండ్లను లాగినవి డీజిల్ ఇంజన్లు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలలో కరెంటు పోయి, ఎంతో ఆధునికమైన రైళ్ళు పొలాల నడుమ ఆగిపోయాయి. తుపానుకు ఆధునికులని, అనాగరకులని భేదం లేదు.

రైల్వేశాఖకు ఇది తెలియనిది కాదు. విపత్తుల నిమిత్తం, వ్యూహాత్మక అవసరాల నిమిత్తం కొన్ని డీజిల్ ఇంజన్లను అట్టిపెట్టుకుంటామని వారే చెప్పారు. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటున్నాను. కాని ఆ అట్టిపెట్టుకునేవి తరువాతి కాలపు కొత్త నమూనాలు. తుక్కు వరుసలో ముందు నిలబడేవి ఆల్కోలే. వారి లెక్కలో అది సబబే కావచ్చు. నేను అడుగుతున్నది ఆ వరుసలోంచి ఒక్కదానిని పక్కకు తీయమని.

“నిర్వహణకు ఖర్చు కదా” అంటారు. 1855నాటి ఫెయిరీ క్వీన్ అన్న ఆవిరి ఇంజనును 1997లో తిరిగి పట్టాలెక్కించి యాత్రికుల బండిని లాగించినది ఈ రైల్వేయే. రేవాడీలో ఆవిరి ఇంజన్ల షెడ్డును ప్రత్యేకంగా కాపాడుతున్నదీ ఈ రైల్వేయే. ఆవిరికి చేతనైనది డీజిలుకు ఎందుకు చేతకాదు? ఇంగ్లాండులో డెల్టిక్ అన్న డీజిల్ ఇంజన్లు 22 ఉండేవి. 1982 జనవరికల్లా వాటిని సేవనుంచి తప్పించారు. వాటిమీద మమకారం గల సామాన్యజనం చందాలు పోగుచేసుకుని కాపాడినవాటితో కలిపి 6 ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. 22లో 6! మన దగ్గర 2,500లో తెలుగునేలకు ఒక్కటి అడిగితే దుబారా అవుతుందా?

పాతబడటానికీ పనికిరాకపోవటానికీ మధ్య ఉన్న తేడా మనదేశంలో పెద్దవాళ్ళకు బాగా తెలుసు. పదవీ విరమణ చేసిన పంతులును గనుక ఈ వాక్యం స్వార్థంతో రాశానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

నాలుగవ నింద: రసం లేని యంత్రం.

ఇది మనవారి నింద, సాహిత్యజీవుల నింద. కాబట్టి దీనితో నాకు తగవు ఎక్కువ. ఆవిరి ఇంజనులో ప్రాణం ఉంది, ఊపిరి ఉంది, గుండె చప్పుడు ఉంది, డీజిలు పెట్టెకు చక్రాలు తగిలించినట్లుంటుంది అంటారు. ఈనాటికీ పిల్లల పుస్తకాలలో రైలు బొమ్మకు పొగగొట్టం ఉంటుంది. “చుకుచుకు” అని ఉంటుంది. ఆ పుస్తకం చదివే పిల్లవాడి తండ్రి కూడ నడిచే ఆవిరి ఇంజనును చూసి ఉండడు. చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ 1972లోనే ఆగిపోయింది. ఆ తరువాత అరవై దాటిన మనబోటి వాళ్ళ యౌవనమంతా, ఉద్యోగమంతా, సంసారమంతా డీజిల్ ఇంజను వెనుక సాగింది. మన జ్ఞాపకాలలో మాత్రం అది లేదు! తాత పటం గోడకు తగిలించి, పెంచిన తండ్రి పటం అటకమీద పారవేసినట్లుంది.

ఇది మోసినదేమిటో ఒక్కసారి లెక్క వేయండి. 1974లో వాల్తేరు-హైదరాబాదు మధ్య మొదలై, గోదావరి ఎక్స్‌ప్రెస్‌గా మన ఇళ్ళలో మాటయిపోయిన బండిని తీగలు వచ్చేదాకా లాగినది ఇది. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌గా మొదలై నేడు తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా పిలవబడుతున్న ఢిల్లీ బండిని తొలినాళ్ళలో లాగినది ఇది. కొత్తవలసనుంచి కిరండూలుకు పోయే కొండదారిలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడ మీదుగా, బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపే పనికి మొదట నడుం కట్టినవి ఆల్కో డీజిళ్ళు. అరకులోయ అందాలను వర్ణించిన కలాలు ఆ సొరంగాల గుండా తమను తీసుకుపోయిన యంత్రం పేరు రాయలేదు.

రసం లేదంటారా? స్టేషనులో బండి ఆగి ఉన్నప్పుడు ఆల్కో చేసే చప్పుడు విన్నవారికి ఆ మాట రాదు. గుబగుబమని ఒక లయ. నడుమ ఒక చిన్న తడబాటు, మళ్ళీ లయ. తాళం తప్పి తనే దిద్దుకునే మృదంగగాడి వంటిది. 112 టన్నుల పైచిలుకు బరువు, 5,000 లీటర్ల నూనె నింపుకున్న కడుపు, ఇన్ని ఉండీ నిలబడ్డచోట సన్నగా వణుకుతూ ఉంటుంది. ప్రాణం ఉండటమంటే ఇంకేమిటో నాకు తెలియదు. రసం వస్తువులో ఉందా, సహృదయుడిలో ఉందా అన్న చర్చ మన ఆలంకారికులు వెయ్యేళ్ళ క్రితమే చేసి ముగించారు. ఆల్కోలో రసం లేదన్నవారు తమ గురించే చెప్పుకుంటున్నారు.

భాష సంగతి మరింత బాధాకరం. షెడ్డులో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకున్న నా పాత విద్యార్థి ఒకాయన ఆ మధ్య మాటల మధ్యలో “అది ఆయాసపడుతున్నది సార్, గాలి అందటం లేదు”, “ఇది నూనె తాగుతున్నది”, “ఆ మోటారు అలిగింది” అన్నాడు. వైద్యుడు రోగి గురించి మాట్లాడినట్లుంది. కాజీపేటలో, మౌలాలిలో, గుత్తిలో, గుంతకల్లులో, విజయవాడలో, విశాఖపట్నంలో ఇటువంటి తెలుగు ఒకటి దశాబ్దాలపాటు పుట్టి పెరిగింది. ఏ నిఘంటువులోనూ అది ఎక్కలేదు. కమ్మరి మాటలు, సాలె మాటలు, జాలరి మాటలు సేకరించిన మనం, ఇనుప ఏనుగుకు మావటీలైనవారి మాటలు సేకరించలేదు. షెడ్డులో ఇంజను మారుతున్నది. మాట కూడ మారుతుంది. చెవితో విని యంత్రపు జబ్బు చెప్పగలిగిన ఆ తరం ఒక్కొక్కరుగా పదవీ విరమణ చేసి ఇంటికి పోతున్నది. ఆ విద్య కాగితం మీద లేదు. చేతిలో, చెవిలో ఉంది. నేర్పటానికి ఎదుట నడిచే ఇంజను లేకపోతే అది నేర్పబడదు. అద్దాల గదిలో పెట్టిన వీణను చూసి ఎవరైనా సంగీతం నేర్చుకున్నారా?

ఇది సిద్ధాంతం.

పొగ అన్న నింద అర్ధసత్యం. పరదేశి అన్న నింద అసత్యం. పాతది అన్న నింద సత్యమే గాని హేతువు కాదు. రసహీనం అన్న నింద నిందించినవారికే తగులుతుంది. కాబట్టి చేయవలసినవి మూడు.

ఒకటి, దక్షిణమధ్య రైల్వేవారు గాని, విశాఖపట్నంవారు గాని ఆల్కో వంశపు ఒక ఇంజనును నడిచే స్థితిలో ఉంచాలి. అరుగు కట్టి, రంగు వేసి, చుట్టూ గొలుసు వేసి నిలబెడితే చాలదు. ఏడాదికి నాలుగుసార్లయినా దానికి నాలుగు బోగీలు తగిలించి పిల్లలను ఎక్కించాలి. ఏ మార్గం అంటే, మా వికారాబాదు-బీదరు మార్గం సిద్ధంగా ఉంది. ఊరివాడిని గనుక ఆ పక్షపాతం నాకు చెల్లుతుంది.

రెండు, దాని పక్కన ఒక ఫలకం పెట్టాలి, తెలుగులో. అందులో ఎన్ని అశ్వశక్తులో రాస్తే చాలదు. ఏ షెడ్డువారు దానిని కాపాడారో, అది ఏ బండ్లను లాగిందో రాయాలి.

మూడవది ప్రభుత్వం పని కాదు, మన పని. అర్జీ పెట్టి జవాబు కోసం ఎదురుచూడవలసిన పని కూడ కాదు. తెలుగులో రాసుకోవటానికి మనకంటూ ఒక చోటు దొరికిందని పొంగిపోయాం. ఆ చోటును కవితలతో, సమీక్షలతో, ఒకరి టపాను ఒకరు పొగుడుకోవటంతో నింపితే చాలదు. మీ వీధిలో, మీ బంధువులలో, మీ పాత స్నేహితులలో రైల్వే షెడ్డులో పనిచేసినవారు ఒక్కరైనా ఉండకపోరు. వారి దగ్గరకు వెళ్ళి కూర్చోండి. “బాబాయి గారూ, ఇంజను మొరాయిస్తే మీరు మొదట ఏమి చూసేవారు?” అని అడగండి. వారు చెప్పిన మాటను సంస్కరించకుండా, ఆ యాసలోనే, ఆ పలుకులోనే రాసి పెట్టండి. పది మంది పది పుటలు రాస్తే నూరు పుటల గ్రంథం. అది ఏ విశ్వవిద్యాలయమూ ఇంతవరకు చేయని పని.

ఇనుము తుక్కుకు పోతే కరిగించి మళ్ళీ ఇనుము చేసుకోవచ్చు. మాట తుక్కుకు పోతే కరిగించే కొలిమి లేదు.

నా వాదంలో లోపం ఉంటే వ్యాఖ్యలలో నిర్మొహమాటంగా చూపించండి, జవాబు చెబుతాను. ఇంటిలో ఆల్కో డ్రైవర్లు, ఫిట్టర్లు ఉన్నవారు మాత్రం వాదం పక్కనపెట్టి వారి మాటలు పంపండి.

స్వస్తి.